ముడతల సీసా

పొద్దున్నే లేచి కండక్టరమ్మ చేసే మొదటి పని వీధి తలుపు తాళం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం. రెండో పని, కట్టుకున్న మొగుడికి తనెవరో చెప్పుకోవడం.

"నేనండీ, మీ భార్యని."

"అలాగా అండీ," అంటాడు ఆయన, టీ కప్పు రెండు చేతుల్తో అందుకుంటూ, ఎంతో మర్యాదగా. "మా ఆవిడ డ్యూటీకెళ్ళింది. వచ్చేదాకా కూర్చోండి."

కూర్చుంటుంది. ఏం చేస్తుంది మరి! ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సిటీ బస్సులో "ముందుకి జరగండి, జరగండి" అని అరిచి అరిచి, ఇప్పటికీ ఇంట్లో మామూలుగా మాట్లాడితే వీధి చివరి దాకా వినబడే గొంతు ఆవిడది. ఆ గొంతు కాస్తా "మీ భార్యని" అనే ఈ ఒక్క మాట దగ్గర పీలగా అయిపోతుంది. రిటైరై ఏళ్ళు గడిచాయి. అయినా ఆయన దృష్టిలో వాళ్ళావిడ ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఆయన పుస్తకాలు బైండింగ్ చేసేవాడు. అందరూ బైండింగాయన అనే పిలిచేవారు. ముందు గదిలో ఆయన పుస్తకాలు బిగించే ప్రెస్సూ, సూదులూ, మైనం ముద్దా, జిగురు గిన్నే పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఎంత చిరిగిన పుస్తకం తెచ్చినా కాదనేవాడు కాదు. ఒక్కదానికి మాత్రం ససేమిరా అనేవాడు. "అంచులు కోసి కొత్తదానిలా చెయ్యండి" అని ఎవరైనా అంటే, "పాత పుస్తకం అంచు కోస్తే పక్కన రాసుకున్నవన్నీ పోతాయి బాబూ, నా వల్ల కాదు" అని పుస్తకం తిరిగి ఇచ్చేసేవాడు. ఇప్పుడు ఆ మనిషికే మతిమరుపు వచ్చి ఇల్లాలే గుర్తులేకుండా పోయింది.

రోజంతా గోడ మీది పెళ్ళి ఫోటో వంక చూస్తూ కూర్చుంటాడు. సాయంత్రం అయ్యేసరికి కాలు నిలవదు. "మా ఆవిడ దిగే వేళైంది, ఎదురెళ్ళాలి" అని బయల్దేరతాడు. ఒకసారి డిపో దాకా వెళ్ళి, ఏదో బస్సెక్కి, ఊరి అవతల చివర దొరికాడు. ఇంకోసారి వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్న ఆవిడని చూసి దొంగ అనుకుని చీపురు తిరగేశాడు. సరిగ్గా అప్పుడే కూతురొచ్చింది. గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఇక చాలమ్మా," అంది కూతురు. "మతిమరుపు వాళ్ళని చూసుకునే ఆశ్రమం మంచిదే, నేను వెళ్ళి చూసొచ్చాను. శుక్రవారం వచ్చి తీసుకెళ్తాను. నాన్నకి ఎలాగూ ఇది తన ఇల్లని తెలీదు, నువ్వు నువ్వని తెలీదు. నీకేమన్నా అయితే నేనేం చెయ్యను?"

కూతురు చెడ్డది కాదు. ఆ మాట అంటూనే ఏడ్చింది. కండక్టరమ్మ మాత్రం మంచం అటు సగం ఖాళీగా ఉండటం ఎలా ఉంటుందో ఆలోచించబోయింది, ఆలోచించలేకపోయింది.

ఆ రోజే పక్కింటి టీచరమ్మ గోడ మీంచి తొంగి చూసింది. ఆవిడ ముఖం అద్దంలా నున్నగా ఉంటుంది. పోయినేడాది చర్మం డాక్టరమ్మ దగ్గర ముడతలన్నీ తీయించుకుంది. తీసినవాటిని సీసాలో వేసి ఎవరివి వాళ్ళ చేతికివ్వడం ఆ ఊళ్ళో పద్ధతి, పన్ను పీకితే పన్ను చేతిలో పెట్టినట్టు. టీచరమ్మ తన ముడతల దారాల్లో పొడుగాటివి చూసి, వాటితో కిటికీ పక్క తీగని ఊచలకి కట్టింది. గట్టిగానే ఉన్నాయి, తీగ ఏపుగా పాకుతోంది.

"ఏమే కండక్టరూ, ముఖం అలా వేలాడేశావ్?"

విషయం చెప్పింది కండక్టరమ్మ. చెబుతూ చెబుతూ ఉండగానే మనసులో ఒక ఆలోచన తళుక్కుమంది. ఆయన పొద్దస్తమానం చూసేది పెళ్ళి ఫోటోనే. వెతికేది ఆ పిల్ల కోసమే. మరి ఈ ముసలి ముఖాన్ని ఎలా పోల్చుకుంటాడు? పాపం ఆయన తప్పేముంది?

"ఈ వయసులో ముడతలు తీయించుకుంటే నవ్వరూ జనం?" అంది పైకి.

"నవ్వనీ. నన్ను చూసీ నవ్వారు. నాకు పాటల క్లాసులో ముందు వరసలో కూర్చోవాలనిపించింది, తీయించుకున్నాను, కూర్చుంటున్నాను. వాళ్ళ సొమ్మేం పోయింది?"

శుక్రవారం పొద్దున్నే, టీచరమ్మని ఆయన దగ్గర కూర్చోబెట్టి, క్లినిక్కుకి వెళ్ళింది కండక్టరమ్మ. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసి ముఖమంతా పరీక్షగా చూసింది. ఆవిడ నుదుటి మీదే బోలెడు గీతలున్నాయి.

"డాక్టరమ్మా, ఒక మాట అడుగుతా ఏమనుకోకండి. నిజంగా దీనివల్ల ఏమన్నా లాభం ఉందా? ఉంటే మీరెందుకు తీయించుకోలేదు?"

"నా చెయ్యి నా నుదుటికి సరిగ్గా అందదమ్మా," అని నవ్వింది డాక్టరమ్మ. తర్వాత నవ్వు ఆపేసి, "ఉన్నమాట చెబుతాను. క్రీములు తేమనిస్తాయి, అంతే. ఇంజెక్షన్లు కొన్నాళ్ళు పనిచేస్తాయి. నేను లాగి తీస్తే మాత్రం పూర్తిగా వచ్చేస్తాయి. కొందరు ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుని పండగ చేసుకుంటారు. కొందరు వారం తిరక్కుండా వచ్చి, ఆ చెంప మీదది ఒక్కటి తిరిగి పెట్టెయ్యమని ఏడుస్తారు. పెట్టడం నాకు రాదు. ముందే చెబుతున్నాను," అంది.

"నాకు వెనక్కి అక్కర్లేదు లెండి. అన్నీ తీసెయ్యండి."

డాక్టరమ్మ వెచ్చటి దీపం ముఖానికి దగ్గరగా పెట్టి, సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే లాగింది. నొప్పేం లేదు, చీర కుచ్చిళ్ళలో దారం పోగు లాగినట్టుంది. బస్సులో కిటికీ పక్క సీట్లో ఎండకి కాలీ కాలీ ఎడమ చెంప మీద పడ్డవి మాత్రం కాస్త మొండికేశాయి. అన్నిటినీ సీసాలో వేసి మూత పెట్టి చేతికిచ్చింది. గోధుమ రంగు దారాలు. సీసా ఇంకా ఒంటి వెచ్చదనంతోనే ఉంది.

ఇంటికొచ్చేసరికి, అన్నట్టే కూతురు రానే వచ్చింది. తండ్రి బట్టలు సంచిలో సర్దుతోంది. తల్లిని చూసి నోరు వెళ్ళబెట్టింది.

"అమ్మా! ఏంటిది? నాకంటే చిన్నదానిలా ఉన్నావే!"

"ఉండు, మాట్లాడకు," అని కండక్టరమ్మ తిన్నగా మొగుడి ఎదురుగా వెళ్ళి కూర్చుంది. పెళ్ళినాటికంటే ఎక్కువ సిగ్గేసింది ఆవిడకి. చెవుల వెనక చెమటలు పట్టాయి.

ఆయన ఆవిడ వంక చూశాడు. ఫోటో వంక చూశాడు. మళ్ళీ ఆవిడ వంక చూశాడు. ముఖం విప్పారింది.

"నువ్వు ఈ ఫోటోలో పిల్లవి కదూ!"

"అవునండీ! నేనేనండీ!" అంటూ చెయ్యి పట్టుకోబోయింది.

ఆయన గభాల్న చెయ్యి వెనక్కి తీసుకుని, కుర్చీని చర్రున వెనక్కి జరుపుకున్నాడు.

"కాస్త దూరంగా కూర్చో అమ్మాయ్. మా ఆవిడ వచ్చే వేళైంది. చూస్తే బాగోదు."

"మీ ఆవిడంటే ఈ పిల్లే కదండీ! మీరు కట్టుకున్నది ఈ పిల్లనే కదా!"

"కట్టుకున్నాను, కాదనను," అన్నాడాయన, చిన్నపిల్లకి నచ్చజెబుతున్నట్టుగా. "కానీ ఈ పిల్లకి నా గురించి ఏం తెలుసు చెప్పు? ఏమీ తెలీదు. పెళ్ళైన కొత్తలో నన్ను చూస్తేనే భయపడి చచ్చేది. నేను కాపురం చేసింది మా ఆవిడతో. ఆవిడ కోసమే చూస్తున్నాను."

కూతురు సంచి పక్కన పెట్టి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో దానికే తెలీలేదు. కండక్టరమ్మ మాత్రం లేచి, సీసాని బల్ల మీద ఠపీమని పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పంపు తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది. ముడతలు వెనక్కి పెట్టడం తనకి రాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఉన్న ముఖమూ పాయె, మనిషీ దక్కకపాయె. ఇంతకంటే తెలివితక్కువ పని తన జన్మలో చెయ్యలేదనుకుంది.

పంపు కట్టేసరికి ముందు గదిలోంచి కేకలు.

"ఎవరు చేశారీ పని? దారాలన్నీ ఊడబీకి ఇలా కుప్ప పోస్తారా ఎక్కడన్నా? బుద్ధుందా?"

పరిగెత్తుకుంటూ వెళ్ళింది. ఆయన సీసా బోర్లించి, దారాలన్నీ తెల్లకాగితం మీద పరిచి, కళ్ళు మూసుకుని ఒక్కోదాన్నీ బొటనవేలితో తడుముతున్నాడు. వరస తప్పిన కాగితాల్ని సర్దేటప్పుడు ఇలాగే తడిమేవాడు. చూడాల్సిన అవసరమే ఉండేది కాదు ఆయనకి. మనిషి వెన్ను నిటారుగా ఉంది. 

"రండి, ఇలా వెలుతురులో కూర్చోండి," అన్నాడు ఆవిడతో, బేరానికొచ్చినవాళ్ళతో అన్నట్టు. "కదలకండి. కదిలితే వంకర పోతుంది, తర్వాత నన్నంటే ఊరుకోను."

కదల్లేదు. ఊపిరి కూడా చూసి చూసి పీల్చింది. ఆయన ఒక దారాన్ని మైనం ముద్ద మీద ఒకసారి లాగి, ఆవిడ కంటి కొసన ఆనించి, కాగితం మడత నొక్కే ఎముక చెక్కతో నెమ్మదిగా నొక్కాడు. దారం చర్మంలోకి ఇంకి, ఉన్నచోటే ఉండిపోయింది.

"ఇది ఎండది," అన్నాడు. ఇంకోటి తీశాడు. "ఇది అమ్మాయికి జ్వరం తగ్గకపోతే కూర్చుని కూర్చుని పడింది."

గుమ్మం దగ్గర కూతురు అలాగే నేల మీద చతికిలబడింది.

"ఇది చూశారూ, ఇది నవ్వు. ప్రెస్సులో నా గడ్డం ఇరుక్కుపోతే విడిపించకుండా ఒకటే నవ్వు మా ఆవిడ! చివరికి కత్తెరతో కత్తిరించింది. దొంగమొహంది." తర్వాతిది చేతికి రాగానే కాస్త తడబడ్డాడు. "ఇది నా మీద కోపంలెండి. డిపో మేనేజరు పుస్తకం తలకిందులుగా కుట్టి పంపించాను. ఆయన మా ఆవిడని పట్టుకుని దులిపేశాడు."

అలా ఒక్కోటీ ఎక్కించుకుంటూ పోయాడు. ఎదురుగా కూర్చున్న మనిషి కదా, ఎడమ ఏదో కుడి ఏదో ఆయన చూసుకోలేదు. కిటికీ వైపు ఎండ గీతలన్నీ కుడి చెంప మీదకొచ్చి పడ్డాయి. కండక్టరమ్మకి తెలుస్తూనే ఉంది. చెబితే ఎక్కడ ఆగిపోతాడోనని నోరు మెదపలేదు.

ఆఖరికి కాగితం మీద ఒక్కటి మిగిలింది. పొట్టిది, కొత్తది. కనుబొమల మధ్యది. దాన్ని బొటనవేలితో అటూ ఇటూ దొర్లించాడు. ఎంతసేపు దొర్లించినా అంతుపట్టలేదు.

"ఇది ఇందులోది కాదే," అన్నాడు. "వేరే ఎవరిదో కలిసిపోయినట్టుంది."

అదెప్పటిదో ఆవిడకి తెలుసు. మొట్టమొదటిసారి "మీరెవరండీ" అని ఆయన అడిగిన రోజుది. ఆయనకి ఎలా తెలుస్తుంది? ఆ రోజు ఆయన అక్కడుండీ లేడు కదా.

"ఇందులోది కాదు లెండి," అని ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుని మళ్ళీ సీసాలో వేసి మూత బిగించింది.

ఆయన పని ముగించినవాడిలా చేతులు దులుపుకుని, పని ఎలా వచ్చిందో చూసుకోవడానికి తల పైకెత్తాడు. చాలాసేపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు ఊరాయి.

"వచ్చావా? ఇంత ఆలస్యమైందేమే?"

 వీధి చివరి దాకా వినబడే గొంతు ఆ గదిలోనే సరిగా వినబడలేదు.

"బస్సు లేటండీ."

కూతురు లేచి, సంచిలో సర్దిన చొక్కాలు ఒక్కోటీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టేసింది. వెళ్ళేటప్పుడు తల్లి బుగ్గ మీద చెయ్యేసి నిమిరి, "కుడీ ఎడమా మారిపోయాయే అమ్మా," అంది. "మారితే మారాయి," అంది కండక్టరమ్మ.

మర్నాడు టీచరమ్మ గోడ మీంచి చూసి ముక్కున వేలేసుకుంది. "ఇదేంటే, మళ్ళీ మొదటికొచ్చావ్? అంతా వృథాయేనా?"

"ఎందుకు వృథా? ఒకటి పోయింది. అది పోవాల్సిందే." అని సీసా అందించింది. "పొట్టిది, పనికొస్తుందేమో చూడు." టీచరమ్మ దాంతో తీగ చివరి కొసని కట్టింది. అది నిలిచింది.

జబ్బు ఎక్కడికీ పోలేదు. పొద్దున్న లేచేసరికి ఆయనకి మళ్ళీ ఎవరూ గుర్తుండరు. కండక్టరమ్మ మాత్రం తనెవరో చెప్పుకోవడం మానేసింది. టీ కప్పు పక్కన పెట్టి, ఆయన బొటనవేలు అందుకుని తన కంటి కొసన పెట్టుకుని కూర్చుంటుంది. ఆయన కళ్ళు మూసుకుని అక్కణ్ణుంచి గడ్డం దాకా వరసగా తడుముకుంటూ వస్తాడు. కుడి చెంప దగ్గర ఆగిపోతాడు.

"మా ఆవిడే. కానీ ఆ పక్కవి ఈ పక్కకెందుకొచ్చాయే? ఎవడో చేతకానివాడు కుట్టాడు. విప్పి మళ్ళీ కుట్టనా?"

"వద్దులెండి," అంటుంది ఆవిడ. "ముందు టీ తాగండి, చల్లారిపోతోంది."