అమ్మకు తెలియని మాట

మా వార్డులో చేరిన ప్రతివాళ్ళూ ఒక రహస్యపు మాట ఎంచుకుంటారు. ఫోన్ చేసినవాళ్ళు ఆ మాట చెబితేనే రోగి సంగతి చెబుతాం. లేకపోతే మంత్రిగారైనా సరే, ఆ మనిషి ఇక్కడ ఉన్నాడని కూడా అనం. నేను హెడ్ నర్సుని. నా నోటికి జడిసి డాక్టర్లు కూడా వరండాలో రోగుల ఊసెత్తరు.

బ్లడ్ కేన్సర్‌తో చేరిన ఆ డ్రైవింగ్ మాస్టారు తన మాటను ఒక్క స్నేహితుడికే చెప్పాడు.

"అమ్మకు మాత్రం తెలియకూడదు సిస్టర్. నాన్న పోయిన దుఃఖం నుంచే ఇంకా తేరుకోలేదు. నయమయ్యాక నేనే చెప్తా," అన్నాడు.

నయమవుతుందని అతను నమ్మాడు. నేను నమ్మినట్టు నటించాను.

తల్లి వేరే ఊళ్ళో, తుంటి విరిగి మంచం మీద ఉంది. కొడుకు ఈ ఆస్పత్రిలో ఉన్నాడని, ఏదో మాట చెబితేనే కబురు చెబుతారని ఎవరి నోటో విని, రోజూ వార్డుకు ఫోన్ చేసేది.

"చిన్నోడా... అదేనా తల్లీ? బంగారుకొండా? పోనీ, వెధవా? కోపమొస్తే అదే అంటాన్లే."

"మాట కుదిరితే తప్ప ఏమీ చెప్పలేనమ్మా," అనేదాన్ని. నాకు నవ్వు ఆగేది కాదు. ఫోన్ పెట్టేశాక ఏడుపూ ఆగేది కాదు. "నీకు పిల్లల్లేరా?" అని ఒకరోజు తిట్టింది. పడ్డాను. ఈ నియమం పెట్టినవాళ్ళు ఇలాంటి తల్లి ఫోను ఒక్కటైనా ఎత్తి ఉంటారా అని ఒళ్ళు మండిపోయేది.

ఆవిడ అన్నవన్నీ అతనికి చెబితే నవ్వేవాడు. ఒక సాయంత్రం నవ్వలేదు. ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగాడు.

"ఇక చాలు సిస్టర్. ఈసారి అమ్మ ఏ మాటంటే అదే నా మాట. అంతా చెప్పేయండి."

"ఇప్పుడే ఫోన్ కలపనా?"

"ఈ గొంతుతో వద్దు. రేపు తనే చేస్తుందిగా."

తెల్లవారేలోపే పోయాడు. ఇది ఫోన్లో చెప్పే కబురు కాదని స్నేహితుడు ఆవిడ ఊరికి బయల్దేరాడు. అతనింకా దారిలో ఉండగానే వార్డులో ఫోన్ మోగింది. ఎత్తొద్దనుకున్నాను. ఎత్తాను.

"ఇక నావల్ల కాదు తల్లీ," అంది ఆవిడ. "వాడికి చెప్పడం ఇష్టం లేకపోతే పోన్లే. వేళకింత తింటున్నాడా, అదొక్కటి చెప్పు చాలు."

ఆ మాస్టారు కోరినట్టు చేయడం తప్ప అతనికి నేను చేయగలిగింది ఇంకేమీ మిగల్లేదు.

"అదేనమ్మా ఆ మాట," అన్నాను.

"తిండి మాటా! వాడి బుద్ధి ఎక్కడికి పోతుంది!" ఆవిడ పకపకా నవ్వింది. "కనిపెట్టేశానే చెల్లీ!" అని పక్కనున్న మనిషికి కేకేసింది. "చెప్పు తల్లీ, ఎలా ఉన్నాడు నా కొడుకు?"

"ఫోన్ ఒక్కసారి మీ చెల్లెలికివ్వండమ్మా."

నవ్వు ఆగిపోయింది.

"మాట చెప్పింది నేను కదా," అంది. "నాకే చెప్పు."

చెప్పాను.