మిషిన్ ఈల

మగ్గం మీద కూర్చుంటే పౌలు ఈల వేయకుండా ఉండలేడు. ఎమ్మిగనూరులో వాళ్ల వీధి వీధంతా నేతగాళ్లే కాబట్టి ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వినిపించేది. పౌలు ఇంట్లోంచి మాత్రం చప్పుడుతో పాటు ఈల కూడా వచ్చేది. సినిమా పాట కాదు, చర్చిలో పాడే కీర్తనా కాదు. పోగు మోసే నాడె ఇటునుంచి అటు పోయేలోగా ఒక ముక్క, అటునుంచి ఇటు వచ్చేలోగా ఇంకో ముక్క. ఎవరు నేర్పారని అడిగితే "నాడె నేర్పిచ్చింది" అని నవ్వేవాడు.

అతని తల్లికి ఆ ఈల గిట్టేది కాదు. బాప్తిస్మంలో ఆమెకు మార్త అని పేరు పెట్టారు గాని ఊరంతా పాత పేరుతో ఉరుకుందమ్మ అనే పిలిచేది. పాత పేరుతో పాటు పాత భయాలు కూడా ఆమెను వదల్లేదు. "ఇంట్లో ఈలెయ్యద్దురా నాయనా, పురుగూ పుట్రా వస్తాయి" అనేది. పౌలు కాసేపు ఊరుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఎనభై రెండులో వానలు బాగా పట్టిన ఒక పొద్దున, పౌలు కాళ్లు చాపుకున్న మగ్గం గుంతలోకి నిజంగానే పాము వచ్చింది.

భార్య సుగుణమ్మ అప్పుడు అదే గదిలో రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతోంది. ఈల సగంలో ఆగింది. నాడెలో కండె అయిపోయిందనుకుని ఆమె తలెత్తకుండానే కొత్త కండె అందించింది. ఎవరూ తీసుకోలేదు. ఎందుకు తీసుకోవడం లేదా అని తల తిప్పేసరికి అతను గుంతలోంచి పైకి పాకుతున్నాడు. ఆదోని ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

దినాలు కాగానే ఉరుకుందమ్మ మగ్గం అమ్మేసి, గుంతను ఎర్రమట్టితో పూడ్పించింది. దాని మీద తానే పేడతో అలికింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఈల మాట ఎత్తలేదు. పిల్లలు లేరు. సుగుణమ్మ పొద్దంతా వీధిలో వాళ్లకు కండెలు చుట్టిపెట్టేది, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేది. చిన్నప్పుడు పాస్టరమ్మ దగ్గర నేర్చుకున్న విద్య అది. అత్తాకోడళ్లు ఒకరి మీద ఒకరు మాట పడనిచ్చేవారు కాదు గాని, పౌలు గురించి ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

మూడేళ్ల తర్వాత చలికాలంలో ఆదోనిలో ఎగ్జిబిషన్ పెట్టారు. చర్చి సభలకని ఆదోని పోయిన ఆడవాళ్లు సాయంత్రం అటు కూడా వెళ్దామన్నారు. అందరూ రంగులరాట్నం ఎక్కారు. ఎత్తుకు పోతే కడుపులో తిప్పుతుందని సుగుణమ్మ కిందే ఉండిపోయింది. బజ్జీల బండ్లు, గాజుల అంగళ్లు చూసుకుంటూ నడుస్తుంటే పక్కనున్న నల్ల డేరాలోంచి ఈల వినిపించింది.

ఆమె కాళ్లు ఆగిపోయాయి. మనిషి వేసే ఈల కాదది. నోరు, ఊపిరి లేని ఈల. ప్రతి స్వరమూ కత్తెరతో కత్తిరించినట్టు మొదలై, కత్తిరించినట్టే ఆగుతోంది. అయినా ఒక ముక్క అటు, ఒక ముక్క ఇటు. కింద టకటకమని ఒక దెబ్బ. పోగును బిగించే మగ్గం పలక దెబ్బలాగే ఉంది.

ఆమె డేరాలోకి పోయింది. బీరువాలంత పెట్టెలు నిలబడి ఉన్నాయి. ఒక్కోదానికి ముందు అద్దం. ఆ అద్దంలో పురుగుల్లాంటి పచ్చటి బొమ్మలు వరసలు కట్టి కిందికి దిగుతున్నాయి. కొన్నింటి ముందు కుర్రాళ్లు గుమిగూడి కేకలు వేస్తున్నారు. మూలనున్న పెట్టె దగ్గర ఎవరూ లేరు. ఈల దాంట్లోంచే వస్తోంది.

డేరాకు కాపలా ఉన్న సాయిబు ఆమెను చూసి, "ఆడతావా అమ్మా? వీడియో గేమ్. చాలా మజాగా ఉంటాది" అన్నాడు.

"ఈ ఈల ఎవురు ఏస్తాండారన్నా?"

"ఎవురూ ఎయ్యరమ్మా. ఆడేవాళ్లు లేనప్పుడు మిషిన్ దానంతటదే పాడుకుంటాది. రండి రండి అని పిలుస్తాది అన్నమాట."

ఆ మాట విని ఆమె పెట్టెకు ఇంకాస్త దగ్గరికి జరిగింది. రంగులరాట్నం దిగిన ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టి లాగేదాకా అక్కడే నిలబడింది.

ఎగ్జిబిషన్ ఉన్నన్నాళ్లూ ఏదో ఒక పని కల్పించుకుని ఆదోని బస్సెక్కింది. దారం కోసమని ఒకసారి, పాస్టరమ్మ పంపిందని ఒకసారి అత్తకు చెప్పింది. డేరాలో మూలన నిలబడి, కుర్రాళ్లెవరూ ఆ పెట్టె దగ్గరికి రాకూడదని కోరుకునేది. ఎవరైనా ఆట మొదలుపెడితే ఈల పోయి తుపాకుల చప్పుడు వచ్చేది. అప్పుడు మొగుడి నోరు మూసినట్టు ఆమెకు కడుపు రగిలేది. ఒకరోజు పోయేసరికి మైదానంలో గుంజలు పాతిన గుంతలు తప్ప ఏమీ లేవు. డేరా బళ్లారి పోయిందో రాయచూరు పోయిందో ఎవరికీ తెలియదు.

ఈల మాత్రం ఆమెతో పాటు ఇంటికి వచ్చేసింది. కండెలు చుడుతుంటే, బియ్యం ఏరుతుంటే అదే. చర్చి ఖాళీగా ఉన్నప్పుడు హార్మోనియం మీద ప్రయత్నించింది. హార్మోనియానికి ఊపిరి ఎక్కువ, ప్రతి స్వరాన్నీ సాగదీస్తుంది. అలా కాదు, తెగాలి. ఆమె విసిగిపోవడం చూసి పాస్టరమ్మ, "ఆదోనిలో భీమరావు సారు ఆర్కెస్ట్రా నడుపుతాడు గదా, ఆయన బొంబాయి నుంచి కరెంటు కీబోర్డు తెప్పిచ్చినాడంట. పోయి చూడు" అంది.

భీమరావు బడిలో సోషల్ చెప్పే పంతులు. సెలవురోజుల్లో పెళ్లిళ్లకు పాటలు కట్టేవాడు. సుగుణమ్మ ఎవరో ఏ వీధో అడిగి తెలుసుకున్నాక, లోపలికి రమ్మనలేదు గాని కీబోర్డునే వసారాలోకి తెచ్చి స్టూలు మీద పెట్టాడు. ఏ బొత్తాం నొక్కితే ఏ వాయిద్యమో ఓపికగా చూపించాడు. ఫ్లూట్ నొక్కింది, వయొలిన్ నొక్కింది, ఏదీ ఆమెకు నచ్చలేదు. చివరికి ఆయన ఎప్పుడూ వాడని ఒక సన్నటి గొంతు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"అది బాగుండదమ్మా. దోమ రొద చేసినట్టుంటుంది" అన్నాడాయన.

"ఇదే సార్, ఇదే."

కీబోర్డులో టక్‌టక్‌మనే తాళాన్ని మగ్గం నడకకు తగ్గించుకుంది. ఎడమచేత్తో నాలుగు స్వరాలు మెట్లు దిగుతున్నట్టు, కుడిచేత్తో ఈల. వాయిస్తుంటే లోపల భీమరావు భార్య లక్ష్మీబాయి రుబ్బురోలు ఆపేసి గుమ్మంలోకి వచ్చింది. పాట అయ్యేదాకా అక్కడే నిలబడింది.

"ఏ రాగమమ్మా ఇది? ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు భీమరావు.

"రాగమేందో తెల్దు సార్. మా ఇంటాయన ఏసే ఈల."

లక్ష్మీబాయి చెంగు భుజాల నిండా కప్పుకుని, "చలి పుట్టిందండీ నాకు" అంది.

భీమరావు ఆమెను ఆర్కెస్ట్రాలో చేర్చుకున్నాడు. ఆదోనిలో ఒక బట్టల అంగడి వాళ్ల పెళ్లిలో, పాటకూ పాటకూ మధ్య ఖాళీ వస్తే, "ఇప్పుడు సుగుణమ్మ గారు పౌలు ఈల వినిపిస్తారు" అన్నాడు మైకులో. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు మెల్లమెల్లగా తినడం మానేశారు. పెళ్లికూతురు తల ఎత్తి చూసింది. ముసలాయన ఒకడు వేదిక దగ్గరికి వచ్చి, "చచ్చిపోయినోళ్లు యాడ్నుంచో పిలుస్తాన్నట్టుందమ్మా" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత కోసిగిలో, హొళగుందలో, ఎక్కడికి పోయినా ఆ ఈల కావాలనేవారు. భీమరావు దాన్ని క్యాసెట్టు చేయించాడు. హోటళ్లలో కూడా వేసుకునేవారు.

క్యాసెట్టు చేతికి వచ్చిన రోజు సుగుణమ్మకు పెళ్లినాటి సంతోషం. పౌలు పక్కన చాలాకాలం నేసిన మల్లన్న ఇంట్లో టేపురికార్డరు ఉంటే అడిగి తెచ్చింది. అత్తను గోడకు ఆనించి కూర్చోబెట్టి బొత్తాం నొక్కింది. ముసలామె భయపడుతుందేమోనని చెయ్యి పట్టుకుంది కూడా.

ఉరుకుందమ్మ చివరిదాకా విన్నది. "ఎవురే ఈ ఈలేసేది?" అంది.

"అత్తా, గుర్తుపట్టలేదా? మన పౌలుది గదా."

"కాదు."

"సరిగ్గా ఇను అత్తా. ఇంగోతూరి ఏస్తా."

"వెయ్యిసార్లు ఏసినా కాదు. నా కొడుకు ఈల నాకు తెల్దా? వాంది పైకి పోయేది. ఇది కిందికి దిగతాంది. ఇది వాంది కాదు సుగుణా. యాడ పట్టుకొచ్చినావో ఏమో, దీన్ని ఇంట్లో పెట్టొద్దు."

సుగుణమ్మకు అత్త మీద కోపం వచ్చింది. ముసలితనంతో చెవులు పోయాయనుకుంది. పొయ్యి దగ్గర కూర్చుని, సరే, నేనే గుర్తు చేసుకుంటాను చూడు అనుకుంది. పౌలు మగ్గం మీద కూర్చున్నాడు. నాడె విసిరాడు. పెదాలు ముడిచాడు. అంతవరకూ బాగానే కనిపించింది. ఆ పెదాల్లోంచి వచ్చింది మాత్రం నల్ల డేరాలోని ఈల. ఇంకోసారి చూసింది. అదే. మొగుడి మొహం, మొగుడి నోరు, మిషిన్ గొంతు. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయినా ఆమె అక్కడే కూర్చుని ఉంది.

మర్నాడు మల్లన్న దగ్గరికి పోయింది.

"అన్నా, మా ఆయన ఈల నీకు గుర్తుండాదా? ఒకతూరి ఏసి చూపీ."

"ఎందుకు గుర్తుండదమ్మా, పక్కపక్కనే కూసుని నేసినోళ్లం" అని మల్లన్న పెదాలు ముడిచి వేశాడు. క్యాసెట్టులో ఉన్నదే, ఒక్క స్వరం తేడా లేకుండా. "అచ్చం ఇదే గదా. నువ్వు భలే పట్టినావమ్మా" అని మెచ్చుకున్నాడు.

వీధిలో ఎవరిని అడిగినా అంతే. అందరికీ పౌలు ఈల బాగా గుర్తుంది. అందరికీ గుర్తున్నది మిషిన్ ఈలే. అసలుది ఉన్నది ఇక ఒక్క ఉరుకుందమ్మలోనే.

సుగుణమ్మ ఆర్కెస్ట్రాకు పోవడం మానేసింది. అత్త కాళ్ల దగ్గర కూర్చుని అడిగింది. "తప్పు జేసినా అత్తా. దాన్ని తెచ్చి ఇంట్లో పెట్టి, ఆయన్ను పోగొట్టినా. నీకు గుర్తుండాది గదా. నాకు సెప్పు."

"నా నోట రాదు. ఆ ఈలే పామును పిల్సింది."

"వస్తే రానీ. నన్ను కరవనీ."

ముసలామె కోడలి నోటి మీద ఒక్కటి వేసింది. తర్వాత ఆ నోటినే చేత్తో నిమిరింది. నాలుగు రోజుల తర్వాత ఒక పొద్దున, ఎండ అరుగు మీదికి వచ్చాక, "ఇట్రా" అని పిలిచి ఎదురుగా కూర్చోమంది. జీవితంలో ఎన్నడూ ఈల వేయని మనిషి పెదాలు ముడిచింది. పళ్లు లేని నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది. ఫూ, ఫూ అంటూ, ఒక్కోసారి గట్టిగా, ఒక్కోసారి మెల్లగా. కళ్లు మూసుకుని, తల మెల్లమెల్లగా పైకెత్తుతూ, కొడుకు ఈలను మొదటినుంచి చివరిదాకా వేసింది. ఆ తలలో అది మొత్తం ఉందని సుగుణమ్మకు తెలుస్తూనే ఉంది. చెవికి చేరింది మాత్రం గాలే.

"ఇన్నావా?" అంది ఉరుకుందమ్మ, ఆయాసపడుతూ.

"ఇన్నా అత్తా."

సుగుణమ్మ చర్చి హార్మోనియం తెచ్చి పెట్టుకుని, పైకి పోయే దారులన్నీ వాయించి చూపించింది. ఇదా? కాదు. ఇట్లనా? ఊహూ. కొన్నిసార్లు ముసలామె "దగ్గరికొచ్చినావు" అని ముందుకు వంగేది. మరుక్షణం తల అడ్డంగా ఊపేది. ఎండలు ముదిరేదాకా అలా వెతికారు. తర్వాత ఉరుకుందమ్మకు జ్వరం వచ్చి తగ్గింది. వెతకడం ఎప్పుడు మానేశారో ఇద్దరికీ తెలియలేదు.

బతకాలి కాబట్టి సుగుణమ్మ మళ్లీ ఆర్కెస్ట్రాలో చేరింది. "పౌలు ఈల" అని మాత్రం అనొద్దని భీమరావును బతిమాలింది. ఆయన అనకపోయినా జనం అరిచేవారు. "పౌలు ఈల! పౌలు ఈల!" అని వాళ్లే పేరు పెట్టి అడుగుతుంటే ఆమె తల వంచుకుని వాయించేది. వాయిస్తున్నంతసేపూ ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు మెడ దగ్గర చల్లగా ఉండేది. ఎన్నడూ వెనక్కి తిరగలేదు.

ఎనభై తొమ్మిది నాటికి ఉరుకుందమ్మకు మతి తప్పింది. కోడలిని ఒక పూట చెల్లెలనేది, ఒక పూట మంత్రసాని అనేది. భీమరావు పెద్ద కీబోర్డు కొనుక్కుని పాతది సుగుణమ్మకే ఇచ్చేశాడు. అత్తకు వినిపించకుండా ఆమె దాన్ని బట్టలో చుట్టి అటక మీద పెట్టేది. ఒక మధ్యాహ్నం ముసలామె నిద్రపోతోందని చూసి, కిందికి దించి, సొంతంగా కట్టుకుంటున్న వేరే పాట ఒకటి వాయించబోయింది. వేళ్లు అలవాటుగా ఆ ఈల మీదికే పోయాయి.

"వచ్చినావా నాయనా?"

సుగుణమ్మ ఉలిక్కిపడి చేతులు తీసేసింది. ఉరుకుందమ్మ చాప మీద లేచి కూర్చుంది. మొహం విప్పారి ఉంది.

"ఎందుకు నిలిపినావురా? నేనేమీ అనన్లే. ఎయ్యి."

"అత్తా, ఇది ఆయనది కాదు. నువ్వే సెప్పినావు గదా, కిందికి దిగతాంది, కాదని."

"ఎవురన్నారే ఆ మాట?" ముసలామెకు కోపం వచ్చింది. "నా కొడుకు ఈల నాకు తెల్దా? పక్కకు జరుగు. వాణ్ణి ఎయ్యనీ."

సుగుణమ్మ ఆమె మొహంలోకి చూసింది. అక్కడ ఎక్కడైనా ఆ అసలు ఈల, పైకి పోయేది, ఇంకా మిగిలి ఉందేమోనని చూసింది. ముసలి కళ్లు కీబోర్డు వైపు చంటిపిల్ల కళ్లలా ఆశగా ఉన్నాయి.

ఆమె చేతులు మళ్లీ పెట్టింది. ఎడమచేతి నాలుగు స్వరాలు మెట్లు దిగాయి. ఉరుకుందమ్మ గోడకు ఆనుకుని, అరచేత్తో నేల మీద తాళం వేస్తూ వింది. అయిపోగానే, "ఇంగోసారి" అంది.

సుగుణమ్మ ఇంకోసారి వాయించింది.