ఏడుసార్ల అక్క

బేకరీలో పిండి కలిపే డ్రమ్ము ఒక మనిషి దిగేంత పెద్దది. లోపల రెండు ఇనుప రెక్కలుంటాయి. కడగడానికి దిగే ఫిట్టర్ ముందు గోడ మీది మెయిన్ స్విచ్ ఆపాలి. దానికి తన తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. బయట ఒకరు టార్చి పట్టుకుని నిలబడాలి. అది రూలు.

మూడేళ్లుగా టార్చి పట్టేది ఒకావిడ. ఫిట్టర్ దిగబోయే ముందు ఆవిడ వెళ్లి తాళం లాగి చూసేది. వచ్చి, మళ్లీ వెళ్లేది. ఏడుసార్లు. అందుకే తోటి పనివాళ్లు ఏడుసార్ల అక్క అన్నారు. ఇంట్లో గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి పోయేదని వాళ్లకు తెలియదు. తనవల్ల ఎవరో చచ్చిపోతారని ఆవిడ భయం.

రెండు నెలలుగా మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్తోంది. భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు ప్యాకింగ్‌లో పనిచేసే ఒకాయన సంచిలో మనసు జబ్బు మాత్రలు కనపడ్డాయి. "మనవాడికి ఒక నట్టు లూజు" అన్నారు. నెల తిరక్కుండా పనిలోంచి పంపేశారు.

"ఎవరి తాళం వాళ్లు చూసుకుంటారు. మీరు కదలొద్దు. భయం వస్తుంది, రానివ్వండి" అంది డాక్టరు.

ఆ రోజు ఆవిడ కదల్లేదు. టార్చిని రెండు చేతులా పట్టుకుంది. ఫిట్టర్ ఒక కాలు డ్రమ్ములో పెట్టి ఆగాడు.

"ఏంటక్కా, ప్రదక్షిణలు మానేశావా?"

"మానేశాను."

"నా మీద కోపమా?"

"నీ మీద కాదు."

"మరి?"

అబద్ధం దొరకలేదు. "డాక్టరు చూడొద్దంది. మనసుకు చూసే డాక్టరు. మాత్రలు కూడా వేసుకుంటున్నా."

ఫిట్టర్ కాలు బయటికి తీశాడు. గోడ దగ్గరికి నడిచాడు. ఆవిడ అతని వీపును చూస్తూ నిలబడింది. ప్యాకింగ్ ఆయన ఆఖరి రోజు సంచి సర్దుకోవడం గుర్తొచ్చింది.

అతను తాళం లాగాడు. పడే ఉంది. అయినా చెయ్యి తీయలేదు.

"మూడేళ్లలో నేనెప్పుడూ లాగి చూడలేదక్కా" అన్నాడు. "నువ్వు చూస్తావు కదా అని."

సూపర్వైజర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. "ఇంకా దిగలేదేం?"

"తాళం చూస్తున్నా సార్."

"అది అక్క పని కదయ్యా."

"నా పనే సార్."

"మరి అక్కకేమైంది?"

ఫిట్టర్ మళ్లీ తాళం వైపు తిరిగాడు. ఆవిడ టార్చి కిందికి దించింది. ఇతను దాచినా ఎన్నాళ్లు దాస్తాడు? చెప్పింది. డాక్టరు, మాత్రలు, రెండు నెలలు.

సూపర్వైజర్ ఆవిడ చేతిలోని టార్చి వైపు చూశాడు. తర్వాత ఫిట్టర్ వైపు తిరిగాడు. "విన్నావుగా. ఇప్పుడీవిణ్ణి బయట నిలబెట్టి లోపలికి దిగుతావా? వేరేవాణ్ణి పిలవనా?"

"మూడేళ్లు నన్ను చూసుకుంది ఈవిడే సార్" అన్నాడు ఫిట్టర్. "వేరేవాడైతే నేను దిగను."

"నువ్వు దిగు. అమ్మా, పని అయ్యాక నువ్వు ఆఫీసుకి రా."

సూపర్వైజర్ వెళ్లలేదు, తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. ఫిట్టర్ దిగాడు. ఆవిడ టార్చి వేసింది. రెక్కల మీద వెలుగు పడింది. స్విచ్ ఆవిడకి పది అడుగుల దూరంలో ఉంది.

"కాస్త ఎడమకక్కా" అన్నాడు లోపలినుంచి.

ఆవిడ ఉన్నచోటు నుంచే టార్చి ఎడమకు తిప్పింది.