కడగని తొట్టి

నేను ఒక రాతి తొట్టిని. ఉన్నచోటు నుంచి కదలలేను కాబట్టి లోకం చూడలేదని నా మీద జాలిపడకండి. వానలు ముఖం చాటేసే అనంతపురం సీమలో బావి పక్కన కూర్చుంటే చాలు, లోకమే దాహం వేసి మన దగ్గరికి వస్తుంది.

మొదట నేను కొండ కింద గుండును. రాళ్ళు కొట్టే గిడ్డన్న ఉలితో నా కడుపు తొలిచాడు. తొలిచినంతసేపూ తిట్టాడు. నాలో ఒక గట్టి చార ఉండి ఆయన ఉలి మొనలు విరగ్గొట్టింది మరి. చివరికి విసుగొచ్చి ఆ వైపు అంచు కాస్త వంకరగా, పల్లంగా వదిలేశాడు. ఇప్పటికీ గొర్రెపిల్లలన్నీ ఆ అంచు దగ్గరే చేరతాయి.

నన్ను ఎడ్లబండి మీద తెచ్చి బీడులో దించారు. ఆ బీడు ఏ ఒక్కరి సొంతమూ కాదు. చుట్టుపక్కల ఊళ్ళ గొర్రెలు, మేకలు, ఆవులు అక్కడే మేసేవి. ఎండాకాలంలో పడమటి నుంచి వలస మందలూ వచ్చేవి. ఎవరికీ పట్టా లేదు, చుట్టూ కంచె లేదు. ఒక కట్టుబాటు మాత్రం ఉండేది. నా దగ్గర మందకు నీళ్ళు పెట్టినవాళ్ళు పోయేముందు బావిలోంచి తోడి నన్ను మళ్ళీ నింపాలి. తర్వాత ఎవరి మంద వస్తుందో వాళ్ళకు తెలియదు. గొడవపడి మాటలు మానేసిన అన్నదమ్ములు కూడా మూతులు ముడుచుకునే ఒకరికోసం ఒకరు నన్ను నింపేవారు. మనుషులు భలేవాళ్ళు!

ఆ బీడు కాపరుల్లో పెద్దవాడు మాళింగప్ప. మంచి మనిషి, మర్యాద ఎక్కువ. ఆ మర్యాదే కొంప ముంచింది.

ఒకసారి కబురొచ్చింది. బీడు వాడకంలో ఉందో లేదో చూడటానికి అధికారి వస్తున్నాడు. లేదని తేలితే కంచె వేసి సోలార్ పలకలు పెట్టుకోవడానికి ఒక కంపెనీకి ఇచ్చేస్తారు. మాళింగప్పకు ఇదంతా తెలుసు. అయినా ఇంటికి చుట్టం వస్తున్నంత హడావుడి చేశాడు.

"సారొస్తాండాడు. గొర్లను గుట్ట అవతలికి తోలండి. పెంటికలు ఊడ్చండి. తొట్టి బాగా తోమండి. మనం బీడును ఎంత బాగా పెట్టుకున్యామో చూస్తే ఆయనే మనకు ఇడిచిపెడతాడు" అన్నాడు.

ఆయన కోడలు కెంచమ్మ నన్ను కొబ్బరిపీచుతో తోమింది. ఏళ్ళ తరబడి పట్టిన నాచు పోయింది. అంచులకు అంటుకున్న ఉన్ని పోయింది. కడిగిన నీళ్ళు కూడా పారబోసి నన్ను ఎండబెట్టింది. నిజం చెప్పొద్దూ, ఆ పూట నాకు సిగ్గుతో పాటు కాస్త గర్వం కూడా కలిగింది.

అధికారి వచ్చాడు. కుర్రవాడు, చెడ్డవాడేం కాదు. చుట్టూ చూశాడు. గొర్రె లేదు, పెంటిక లేదు, నాలో చుక్క నీరు లేదు.

"ఇక్కడ మేపుతున్నారా?" అని అడిగాడు.

"మేపుతాం సార్. మీరొస్తారని దూరంగా తోలినాం" అన్నాడు మాళింగప్ప చేతులు కట్టుకుని.

ఆయన తలూపి, ఫోటోలు తీసుకుని వెళ్ళాడు. కాపరులు పొద్దుటి నుంచి పడ్డ చాకిరీ అంతా ఆ ఫోటోల్లో ఖాళీ బీడుగా కనబడింది. నాకు నోరుంటే, నా నాచు నాకు తిరిగి ఇవ్వమని అరిచేదాన్ని.

ఆ ఏడాదే తూర్పు సగానికి కంచె పడింది. మందలు అలవాటు కొద్దీ వచ్చి, తీగకు ముక్కులు ఆనించి నిలబడేవి. చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయేది. రాయికి కడుపేమిటంటారా? గిడ్డన్న తొలిచిందేమిటి మరి!

"నేనే చేసినానమ్మే, ఇదంతా" అన్నాడు మాళింగప్ప కోడలితో. తర్వాత కంచె వైపు చూడటమే మానేశాడు.

బావీ నేనూ ఉన్న పడమటి సగమైనా మిగలాలి. దానికీ కంచె పడితే మందలు అమ్ముకోవడం తప్ప దారి లేదు. కెంచమ్మ అన్ని ఊళ్ళ కాపరులనూ కూడగట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగి, అధికారి మళ్ళీ వచ్చి బీడు చూసేలా చేసింది. ఆ రోజు పొద్దున్నే మాళింగప్ప అలవాటుగా చీపురు అందుకున్నాడు.

"మామా, అది కింద పెట్టు. ఈ పొద్దు ఎవురూ ఊడ్చేది లేదు, తోమేది లేదు. గొర్లు ఎప్పుడూ యాడుంటాయో ఆడనే ఉంటాయి" అంది కెంచమ్మ.

అదే అధికారి వచ్చాడు. మందలు ఆయన జీపుకు దారి ఇవ్వలేదు. బూట్లకు పెంటికలు అంటుకున్నాయి. ఒక పొట్టేలు ఆయన ప్యాంటు వాసన చూసి, నచ్చక తుమ్మింది. ఎండకు తాళలేక ఆయన నా దగ్గరికి వచ్చి, మందలు తాగగా అడుగున మిగిలిన నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. వెళ్ళబోతుంటే కెంచమ్మ బొక్కెన అందించింది.

"ఏంటమ్మా?"

"ఈడ నీళ్ళు వాడుకున్నోళ్ళు తోడిపెట్టి పోవల్ల సార్."

ఆయన చుట్టూ చూశాడు. "అన్నీ తాగేశాయి కదా. ఇంకెవరికి?"

"మాకూ తెల్దు సార్. వచ్చేటోళ్ళకి."

ఆయన నవ్వలేదు. చొక్కా చేతులు మడిచి, బొక్కెన బావిలోకి వదిలాడు. నేను నిండేసరికి ఆయన ప్యాంటు సగం తడిసింది. మాళింగప్ప తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు.

పడమటి సగం మేతకే ఉంచారు. తూర్పు సగం తిరిగి రాలేదు. ఆ బాధ నాకు అలాగే ఉంది. అయితే, కంపెనీ కాపలావాడు రోజూ మధ్యాహ్నం కంచె అవతలి నుంచి నీళ్ళకు వస్తాడు. అతనూ తోడిపెట్టే పోతాడు. నన్ను తోమడం మాత్రం మళ్ళీ ఎవరూ తలపెట్టలేదు.

కెంచమ్మ ఇందాకే మందను తోలుకుపోయింది. పోతూ నన్ను నింపింది. గుట్ట మీద దుమ్ము లేస్తోంది. ఎవరి మందో ఇంకా తెలియదు.