నాలుగు నొక్కులు

"అమ్మా, ఆ మానిటర్ దగ్గర గుడ్డ పెట్టొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు మావాడు, గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు బిగించుకుంటూ. అప్పుడు నా చేతిలో ఉన్నది తుడుపుగుడ్డ కాదు, వాడి అన్నం డబ్బా. అయినా దొంగతనం చేస్తూ దొరికిపోయినదానిలా చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నేను ఆ బల్ల జోలికి వెళ్ళి మూడు వారాలైంది. ఆ మాట పైకి అననేలేదు. డబ్బా చేతికిచ్చి, నీళ్ళ సీసా సంచిలో పెట్టి, "జాగ్రత్త నాన్నా" అన్నాను. తప్పు ఎవరిదైనా ముందు నా మీద వేసుకుని, తరవాత తీరిగ్గా ఆలోచించుకోవడం నాకు పెళ్ళైనప్పటి నుంచీ అలవాటు.

నా కోడలు ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. పడకగది మూల, బీరువాకీ కిటికీకీ మధ్య ఇరుకులో వేసిన బల్లే ఆమె ఆఫీసు. గోడలు, తలుపులు, మెట్లు, అన్నీ వెంట్రుకవాసి గీతలు. లాప్‌టాప్ తెర మీద అవి కనిపించవు కాబట్టి ఆఫీసువాళ్ళే ఒక పెద్ద మానిటర్ పంపారు. అది కాస్తా నెల రోజులుగా పొద్దున్నే నిద్ర లేవడం మానేసింది. కింద చిన్న ఆరంజి దీపం మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. మౌస్ కదిపినా, కీబోర్డు టకటకలాడించినా, లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేసినా ఉలుకూ పలుకూ ఉండదు. సాయంత్రం మావాడు వచ్చి, "జరుగు" అని ఆమెను లేపి, మానిటర్‌కి వీపు అడ్డం పెట్టి నిలబడేవాడు. నిమిషంలో తెర భళ్ళున తెల్లవారేది. "ఏం చేశారండీ?" అని ఆమె అడిగితే, "చెప్పినా నీకు అర్థం కాదులే. దానికి నేనంటే భయం" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. కంప్యూటర్లు బాగుచేయడమే వాడి ఉద్యోగం మరి. నా కడుపున పుట్టినవాడి చేతిలో అంత విద్య ఉందంటే నాకు గర్వంగా ఉండదా?

గర్వంతో పాటు దిగులూ ఉండేది, ఇదంతా నా వల్లే జరిగిందని. నేను తుడుస్తున్నప్పుడు లోపల ఏదో కదిలిపోయిందని వాడు మొదటిరోజే తేల్చేశాడు. తుడవడం మానేశాక కూడా బాగుపడకపోతే, "ఒకసారి కదిలితే అంతేనమ్మా" అన్నాడు. పొద్దున పదింటికి ఆమెకు లాప్‌టాప్‌లోనే మీటింగు. వాళ్ళ ఆఫీసు పెద్దాయన గొంతు వంటింట్లోకి వినబడేది. "ఏమ్మా, ఇవాళ కూడా తెర లేవలేదా? మీ ఇంట్లో దానికున్న సుఖం మాకెవరికీ లేదే" అనేవాడు. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వడం అయ్యేదాకా ఆమె కూడా నవ్వేది. తరవాత ఆ చిన్న తెర మీదికి వంగి, మెడ పట్టేసేదాకా గీసేది. అన్నాల దగ్గర మావాడు ఎంతో మెత్తగా చెప్పేవాడు: "ఎందుకు నీకీ అవస్థ? రాజీనామా రాసి పంపెయ్. ఇంట్లో హాయిగా ఉండు." పోయిన వారం ఆమె ఆ ఉత్తరం రాసేసింది. ఇంకా పంపలేదు. రోజూ తెరిచి చదువుకుని మూసేది.

ఆ ఉత్తరం నేనూ చదివాను. ఆమె దాచలేదు. చదవడం నేర్పినదే ఆమె. మా ఆయన చనిపోయిన ఏడాది, నాకు యాభై ఎనిమిదేళ్ళప్పుడు, బ్యాంకు కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చి చేతులు కడుక్కుంటుంటే, "అత్తయ్యా, రేపటి నుంచి మధ్యాహ్నం అరగంట నాది" అంది. ఆమె భోజనానికి లేచే గంటలో సగం నాకిచ్చింది. ముందు మన అక్షరాలు, ఆ తరవాత ఇంగ్లీషు పెద్ద అక్షరాలు. కొత్తగా చదువొచ్చినదాన్ని కాబట్టి కంటబడినదల్లా చదువుతాను. నూనె ప్యాకెట్టు, బస్సు వెనకభాగం, మందుసీసా, దేన్నీ వదలను. "అత్తయ్యకి అక్షరం కనబడితే చాలు, చీమకి చక్కెర కనబడినట్టే" అని ఆమె ఆటపట్టించేది.

మావాడు గుడ్డ మాటన్న ఆ రోజే పదింటికి ఆమె ఒక ఆసుపత్రి ప్లాను చూపించాలి. చూపించలేకపోతే ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని పెద్దాయన ముందురోజే చెప్పాడు. తొమ్మిదిన్నరకి మానిటర్ ఎప్పటిలాగే ఆరంజి కన్ను కొడుతూ పడుకుని ఉంది. ఆమె కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, ఫోను తీసింది. వాళ్ళ ఆఫీసులో యంత్రాలు చూసే అమ్మాయి ఒకతె ఉంది. ఇన్నాళ్ళూ ఆ అమ్మాయికి ఫోను చేస్తానని కోడలంటే మావాడు, "నేనుండగా బయటివాళ్ళెందుకు? నా పరువేం కావాలి?" అనేవాడు. వాడి పరువు కోసం నెల రోజులు ఊరుకున్న మనిషి ఆ రోజు ఊరుకోలేకపోయింది. ఫోను స్పీకర్‌లో పెట్టి బల్ల మీద పెట్టింది. నేను కూర తరుగుతున్న కత్తిపీట వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

ఆ అమ్మాయి ఒక్కొక్కటే చేయించింది. వైరు రెండు చివరలా పీకించి మళ్ళీ గట్టిగా పెట్టించింది. లాప్‌టాప్ మూత తెరిపించి, మూయించి, మళ్ళీ తెరిపించింది. ఏమీ కాలేదు. "మేడం, మానిటర్ ప్లగ్గు గోడలోంచి తీసి ముప్పై లెక్కపెట్టండి. మళ్ళీ పెట్టగానే తెర మీద రెండు మూడు సెకన్లు ఏదో రాసి ఉంటుంది. అది నాకు చదివి చెప్పండి."

"సిగ్నల్ లేదని వస్తుందిలెండి" అంది కోడలు.

"దాని పక్కన ఇంకేమైనా ఉంటుంది మేడం. అదే నాక్కావాలి."

ప్లగ్గు బల్ల కింద, గోడ వారగా ఉంటుంది. దాన్ని పెట్టి పైకి లేచేసరికి ఆ రాత మాయమవుతుంది. "అత్తయ్యా, మీరు చదవండి" అని ఆమె బల్ల కిందికి దూరింది. నేను కళ్ళజోడు సర్దుకుని తెర ముందు నిలబడ్డాను. చిన్న పెట్టెలాగా ఒకటి మెరిసింది. పొడుగు మాటలు నాకు అందలేదు కానీ, మూలన ఉన్న మూడు అక్షరాలు పట్టుకున్నాను. "వి. జి. ఎ." అన్నాను గట్టిగా, బళ్ళో పిల్లలాగా.

ఫోనులో ఆ అమ్మాయి అడిగింది. "ఎవరండీ చదివింది? సరిగ్గానే చదివారా?"

"మా అత్తగారు. ఆవిడ అక్షరం తప్పు చదవరు" అంది కోడలు బల్ల కింద నుంచే.

"అయితే మానిటర్‌కి ఏ జబ్బూ లేదు మేడం. దానికి రెండు గుమ్మాలున్నాయనుకోండి. మీ వైరు ఒక గుమ్మం దగ్గర నిలబడి తలుపు కొడుతోంది. అదేమో ఆవిడ చదివిన ఆ వి.జి.ఎ. అనే రెండో గుమ్మం దగ్గర కూర్చుని ఎదురుచూస్తోంది. అక్కడికి ఎవరూ రాకపోయేసరికి నిద్రపోతోంది. కింది అంచులో, కుడివైపు బటన్లుంటాయి, వేలికి తగులుతాయి చూడండి. నేను చెప్పినట్టు నొక్కండి."

ఒకటి. రెండు. మూడు. నాలుగు. తెర వెలిగింది. ఆసుపత్రి గదులన్నీ ఒక్కసారిగా తెల్లగా విచ్చుకున్నాయి. పదికి ఇంకా ఆరు నిమిషాలుంది.

"గుడ్డతో తుడిస్తే అలా మారుతుందా అమ్మాయ్?" అని నేనే అడిగాను. నా నెల రోజుల దిగులు నాది.

ఆ అమ్మాయి నవ్వింది. "గుడ్డకి అంత తెలివెక్కడిదండీ? ఒక మెనూ తెరవాలి, కిందికి దిగాలి, రెండోది ఎంచుకోవాలి, సరే అనాలి. వరసగా నాలుగు నొక్కులు. తెలిసిన చెయ్యి అయితేనే పడతాయి. రోజూ ఇలా అవుతోందంటే రోజూ ఎవరో నొక్కుతున్నట్టే."

ఫోను పెట్టేశాక కోడలు నా వైపు తిరిగింది. ఆ చూపు నేను ఎన్నటికీ మరిచిపోను. ఇంట్లో ముగ్గురం. ఒకరు తను. నన్నడగాలా, మానాలా అని ఆమె కళ్ళు కొట్టుమిట్టాడుతున్నాయి. "అత్తయ్యా, ఏమీ అనుకోకండి. మీరు గానీ..." అంది. నాకు అక్షరాలు నేర్పిన మనిషి, నేను చదివి చెప్పిన అక్షరాలు పట్టుకుని నన్నే అడుగుతోంది. కానీ ఆమె తప్పేముంది? "ఆడపిల్లకి ఇంత చాకిరీ ఎందుకు" అని నేనూ ఎన్నిసార్లు అనలేదు? "నేను కాదమ్మా" అన్నాను. ఆమె తలూపింది. ఇంతలో మీటింగుకి పిలుపు వచ్చింది.

నేను వంటింట్లోకి వెళ్ళి కత్తిపీట ముందు కూర్చున్నాను. కూర తరగలేదు. ఆ రోజు పొద్దున ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు నేను టీ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాను. మావాడు బల్ల దగ్గర ఒంగి ఉన్నాడు. కుడిచెయ్యి మానిటర్ అంచు కింద ఉంది. నన్ను చూసి, "బూజు పట్టిందేమోనని" అన్నాడు. ముందురోజూ అక్కడే ఉన్నాడు. అంతకుముందు రోజు కూడా. నేనిచ్చిన టీ ఎడమ చేత్తో అందుకునేవాడు. ఎడమ చేత్తో ఎందుకు అందుకుంటున్నాడని నాకు ఒక్కనాడూ తోచలేదు. కన్నకొడుకు చేస్తున్న పని నా కళ్ళ ముందే నెల రోజులు జరిగితే, నేను పక్కన నిలబడి టీ అందించాను.

లోపల్నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ప్లాను బాగుంది, కాదనను. కానీ నెల రోజులు లేవనిది ఇవాళ ఎలా లేచింది? రేపు మళ్ళీ పడుకోదని ఏంటి నమ్మకం? అసలు కారణమేంటో రేపు పదింటికల్లా నాకు రాసి పంపండి. లేకపోతే ఈ పని మీ చేతిలో ఉంచలేను."

ఆరింటికి మావాడు వచ్చాడు. గదిలోకి తొంగి చూసి, వెలుగుతున్న తెర ముందు ఆగిపోయాడు. బాగైందా అని అడుగుతాడనుకున్నాను. "ఎవరు బాగుచేశారు?" అన్నాడు.

కోడలు జరిగినదంతా చెప్పింది, నాలుగు నొక్కుల సంగతితో సహా. వాడు రెప్ప కూడా వెయ్యలేదు. "ఇంకెవరు, అమ్మే. తుడుస్తూ నొక్కేసి ఉంటుంది. పాపం, ఆవిడకేం తెలుసు" అని నా భుజం మీద చెయ్యి వేసి, "మంచినీళ్ళియ్యమ్మా" అంటూ నన్ను వంటింట్లోకి నడిపించాడు.

నీళ్ళు తాగలేదు. గొంతు తగ్గించి, "ఒప్పుకుంటే పోయేదిగా అమ్మా. నిన్నైతే అది ఏమీ అనదు" అన్నాడు.

"ఎందుకు చేశావురా?"

"నేనేమన్నా తిట్టానా, కొట్టానా? మానెయ్యమని చెప్తే ఏడుస్తుంది. తనంతట తనే విసిగి మానేస్తే ఎవరికీ బాధ ఉండదు. ఎంత నెమ్మదిగా చేశానో చూడు." ఏదో ఉపకారం చేసినవాడిలా నవ్వాడు. "నాన్న మాత్రం నిన్ను ఒక్క మాటైనా అన్నాడా? నీ కుట్టు మిషన్ సంగతీ అంతేగా."

"నా మిషన్‌కేమైంది?"

"అదే, బాబిన్ దగ్గర చిన్న మర. రోజూ పొద్దున తిప్పేసి వెళ్ళేవాడుగా. నాకూ చూపించాడు, పావు చుట్టు చాలురా అని." నా ముఖం చూసి ఆగిపోయాడు. "నీకు తెలుసనుకున్నానే!"

నాకు తెలియదు. ముప్పై ఏళ్ళ కిందట నేను దిండు గలీబులు, చిన్నపిల్లల గౌన్లు కుట్టేదాన్ని. వీధిలో మంచి పేరుండేది. ఉన్నట్టుండి దారం తెగడం మొదలైంది. బెత్తెడు కుడితే పుటుక్కు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తెగిన దారం ఎక్కించుకుంటూ, చెప్పిన రోజుకి బట్టలివ్వలేక, మాటలు పడేదాన్ని. సాయంత్రం మా ఆయన వచ్చి, పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నూనె చుక్క వేసి, నిమిషంలో బాగుచేసేవాడు. "నీ చెయ్యి దీనికి పడదే పిచ్చిదానా" అనేవాడు. రెండేళ్ళు చూసి, విసిగి, నేనే మిషన్ అమ్మించేశాను. ఆయన పోయాక నన్ను ఏడిపించినవి ఆయన తెచ్చిన నగలు కావు, కట్టిన ఇల్లు కాదు. పని నుంచి అలసి వచ్చి కూడా, చొక్కా అయినా విప్పకుండా, నా మిషన్ ముందు కూర్చున్న ఆ సాయంత్రాలు. నన్ను అంత ప్రేమించిన మనిషి అని నలుగురికీ చెప్పుకున్నది అదొక్కటే. ఇప్పుడు నా కొడుకు, నీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని, అది కూడా తీసేసుకున్నాడు. తీసేసుకున్నానని వాడికి తెలియను కూడా తెలియదు.

నాకు ఏడుపు రాలేదు. పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డాను. పొద్దున్నుంచి ఒకటే ఆలోచిస్తున్నాను, ఒప్పేసుకుందామా అని. నేను ముసలిదాన్ని, నా మీద పడితే ఏముంది, వాళ్ళ కాపురం నిలబడుతుంది అని. ఒప్పుకుంటే రేపు పెద్దాయనకి పంపే కాగితంలో నా గుడ్డ ఉంటుంది. ఎల్లుండి పొద్దున మళ్ళీ నాలుగు నొక్కులు పడతాయి. ముప్పై ఏళ్ళు పోయాక ఆమె కూడా ఎవరితోనో చెప్పుకుంటుంది, మా ఆయనకి నేనంటే ఎంత ప్రేమో, రోజూ సాయంత్రం వచ్చి నా తెర లేపేవాడు అని.

"అమ్మా, ఎక్కడికి? ఆగు" అన్నాడు మావాడు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వు నా తల్లివి."

"అందుకే అడిగాను."

వాడు దారికి అడ్డంగా నిలబడ్డాడు. కాసేపు చూసి పక్కకి తప్పుకున్నాడు. నేను గదిలోకి వెళ్ళాను. కోడలు రాజీనామా ఉత్తరం తెరిచి కూర్చుని ఉంది. పెద్ద తెర మీద అక్షరాలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, గుమ్మంలోంచే చదవగలిగాను. ఆమె తల తిప్పి, "ఏమంటున్నారు అత్తయ్యా?" అంది.

"అది తీసేసి మీ పెద్దాయనకి నేను చెప్పింది చెప్పినట్టు రాయి తల్లీ" అన్నాను, ఆమె పక్కన మంచం అంచు మీద కూర్చుంటూ. "ఈ మానిటర్ ఏనాడూ చెడిపోలేదు. రోజూ పొద్దున నా కొడుకు దాన్ని ఆపి వెళ్ళేవాడు. చూసినదాన్ని నేను. కింద నా పేరు పెట్టు."