అమ్ముడుపోని పలుకు

హేమంతము ముదిరి మంచుతెరలు గోధుమచేలపై వెల్లదుప్పటులవలె పరచుకొనియుండ అరుణకిరణస్పర్శచే ప్రాగ్దిశ దాసానిపూవన్నె దాల్చుచుండ ఆ ప్రశాంతగగనమును నిట్టనిలువున చీల్చుచు రెండు యుద్ధవిమానములు పశ్చిమసీమాంతమును దాటి శత్రుదేశమున ప్రవేశించెను. ముందరిదానిని నడుపువాడు టెక్కలివాస్తవ్యుడును నిరువదియేడేండ్ల ప్రాయమువాడును నగు పరాంకుశరావు. వెనుకదానిని నడుపువాడు వాని ప్రాణసఖుడగు అజైబ్ సింగు. నదిపైనున్న సేనావాహనముల వంతెనను గూల్చుట వారి కప్పగింపబడిన కార్యము. వంతెన కూలెను. కాని మరలివచ్చునెడ నేలనుండి యెగసిన ఫిరంగిగుండ్లు విమానములు రెంటిని నగ్నిగోళములు గావించెను.

పారాచూటు నాలంబనముగా గొని పరాంకుశుడొక చెరకుతోటలో బడెను. కఱ్ఱలును గొడ్డళ్ళును చేబూని పరుగెత్తివచ్చిన గ్రామీణులలో నొక వృద్ధకృషీవలుడు తన కంబళిని వానిపై గప్పి "వీడు నా చేనిలో పడినవాడు. సిపాయిలు వచ్చి కొనిపోదురు గాక. అందాక మీరెవ్వరును చేయి వేయరాదు" అని యడ్డుపడెను. ఆ కంబళి వెచ్చదనమే శత్రుభూమి నతడు చవిచూచిన తొలిదయ.

కారాగారమున వానిని విచారించినవాడు మేజరు సాదిక్ అను మృదుభాషి. ఒకనాటి మధ్యాహ్నమున నతడు తేనీరు తెప్పించి స్నేహితునివలె చేరువ గూర్చుండి యిట్లనియెను.

"రావుగారూ! రేడియోలో నాలుగుమాటలు పలుకుడు. పైవారి యాజ్ఞచే తెలిసితెలిసి బడిపై బాంబులు వేసితిమనియు నందులకు సిగ్గుపడుచున్నామనియు జెప్పిన చాలును."

"మేము గూల్చినది వంతెన. బడి కాదు. జరుగనిదానికి సిగ్గుపడుట నాకు చేతగాదు."

సాదిక్ చిరునవ్వు చెదరలేదు. "మీవలెనే మాకు చిక్కిన మీ మిత్రుడు ప్రక్క చెరగదిలోనే యున్నాడు. వాని కుడిచేయి కాలి చీముపట్టినది. మీరు పలికిన సాయంకాలమే వైద్యుడు వచ్చును."

తన వెంట వచ్చినందుననేకదా యతడు కాలెనను తలపు పరాంకుశుని దహించెను. ముందుగా మిత్రుని జూడవలెనని కోరి యనుమతి గొని ప్రక్కగది కేగెను. అట చలిగచ్చుపై జ్వరతప్తుడై పడియున్న యజైబుని హస్తము నల్లబారి దుర్గంధము వెదజల్లుచుండెను. పరాంకుశుడు సర్వమును దెలుప నతడెండిన పెదవులతో నవ్వెను.

"సోదరా! కాలిన చేయి నాది. దానికై బేరమాడుటకు నీవెవ్వడవు? ఆ మాట పలికితివా, ఈ చేయి బాగుపడినంతనే మొట్టమొదట నీ చెంప పగులగొట్టును!"

పరాంకుశుడు వాని నుదురు నిమిరి వెలికి వచ్చి సాదిక్కున కెదురుగా నిలిచి "పలుకను. నా పేరును పదవియు తప్ప మీకు నా నోట దొరకునది లేదు. గాయపడిన బందీకి వైద్యము చేయించుట మీ ధర్మము. అది బేరపుసరకు కాదు. వైద్యుడు వచ్చుదాక నేనన్నము ముట్టను" అని ప్రతిజ్ఞ చేసెను.

కావలివారు వాని కంబళ్ళు లాగుకొనిరి. గోడలు మంచుగడ్డలవలె చల్లబడెను. పరాంకుశుడు మాత్రము కావలివారు మారినప్పుడెల్ల "వైద్యుడెక్కడ?" అని గొంతు చించుకొని యఱచుచుండెను. క్రమముగా నితర బందీలును పళ్ళెములను నెట్టివైచి తలుపులను మోదసాగిరి. ఆ ఘోష ద్వారములు దాటి పై యధికారుల చెవుల బడగా వైద్యుడు వచ్చెను. అజైబుని ప్రాణము నిలిచెను గాని మూడువ్రేళ్ళు నిలువవయ్యెను. ఆ వార్త వినిననాడు పరాంకుశుడు గోడవైపు మొగము ద్రిప్పి తాను పలికియుండినచో ఆ వ్రేళ్ళు దక్కియుండునేమో యని చాలసేపు రోదించెను. అయినను పలుకనందులకు పశ్చాత్తాపపడలేదు.

యుద్ధము ముగిసి వసంతము వచ్చెను. బందీల నప్పగించునాడు సీమాంతద్వారమున సాదిక్ చిరునవ్వుతో పరాంకుశునివైపు చేయి చాచెను. అతడు చేతులు కట్టుకొని "మొదట వానికి" అనెను.

అజైబు రెండువ్రేళ్ళు మాత్రమే మిగిలిన కుడిచేతిని నిబ్బరముగా ముందునకు జాపెను.

"సంకోచమేల మేజరు! ఇది బేరము కాదు. వట్టి కరచాలనమే."

సాదిక్ చేయి దానంతట నదియే క్రిందికి వాలెను. శరీరమును జెఱబట్టినవాడు సత్యమును జెఱబట్టజాలడని యా వాలిన హస్తమే చాటుచుండ మిత్రులిరువురును వెనుదిరిగి చూడక భుజము భుజము నానించుకొని స్వదేశపు టెండలోనికి నడచిపోయిరి.