గడ్డానికి కట్టిన మాస్కు

భర్త రాజలింగం మాస్కును పద్మారాణి కొసతాడు పట్టుకునే సబ్బునీళ్లలో వేస్తుంది. అతను నమిలే మావా వక్కపొగాకు ఎరుపు, ఎంగిలి కలిసి నీళ్లలోకి దిగుతుంటే ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఆ ఇంట్లో ఎవరి మాస్కు వాళ్లు ఉతుక్కోవడమన్న మాటే లేదు. అందరివీ ఆమే ఉతకాలి.

పోలీసుల జరిమానాకు భయపడి కట్టుకోవడమే గానీ, ఆ గుడ్డ అతని గడ్డం దాటి పైకెక్కింది లేదు. ఓసారి పొద్దున పాళీ మారే వేళ అన్నం డబ్బా ఇవ్వడానికి మగ్గాల కార్ఖానాకు వెళ్లి ఆమె కళ్లారా చూసింది. దారపు కండె మార్చినప్పుడల్లా, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె కన్నానికి మూతి ఆనించి, దారాన్ని నోటితో పీల్చి బయటికి లాగుతున్నారు. పగలు రాజలింగం పీల్చిన నాడెనే రాత్రి పాళీలో నర్సింగం పీలుస్తాడు. ఇద్దరి గడ్డాలకూ మాస్కులు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. రోగాల కాలం, ఆ ఎంగిలి వద్దంటే అతను నవ్వాడు.

"మగ్గం పని నువ్వు నేర్పుతవానె నాకు?"

ఇప్పుడు నర్సింగం ఆస్పత్రిలో ఉన్నాడు. రాజలింగం జ్వరంతో, దగ్గుతో వలస వచ్చి ఉంటున్న వడోద్‌లోని ఒంటిగదిలో మంచమెక్కాడు. డాక్టరు చెప్పాడని ఇంట్లోనూ మాస్కు కట్టాడు, గడ్డానికే. పద్మారాణి తన ముక్కూ మూతీ మూసుకుని, మూడేళ్ల కూతురు హారతిని గుమ్మం దగ్గరే కూర్చోబెట్టుకుంది.

"మొగనికి అన్నం పెట్టుకుంట మూతికి గుడ్డ కడ్తరా ఎవలన్న?" అంది అత్త రాజమ్మ.

"మాస్కుతోని ఏం గాదమ్మా. నేను రోజు కట్టుకున్న గద, నాకు రాలేదా?" అన్నాడతను.

రోగం గడ్డంలోంచి దూరేదైతే అతనికి ఈ జన్మలో వచ్చేది కాదు. పద్మారాణి మాస్కు వెనక మూతి విరిచింది. ఆ గుడ్డ వల్ల రోగం ఎంత ఆగుతుందో గానీ, ఆమెకు ఈ వెసులుబాటు దొరికింది. పెళ్లయిన నాటి నుంచి అతని ఉమ్మి కడిగింది, ఆ వాసన పక్కనే పడుకుంది, పొద్దున్నే లేచి నవ్వుముఖంతో చాయ్ ఇచ్చింది. అప్పుడు కలిగేదాన్ని అలసట అనుకుంది, ఒంట్లో బాగోలేదనుకుంది. కాదు, అసహ్యం. కోడలి ముఖంలో అది కనబడితే కొంప మునుగుతుందని ఇన్నాళ్లూ పెదాలను చక్కగా సర్దుకుంటూ వచ్చింది.

"బిడ్డను ఇటియ్యి. ఒక్క ముద్దు పెట్టుకుంటె పాణం కుదురైతది."

రాజలింగం దగ్గి, అరచేత్తో మూతి తుడుచుకుని, అదే చెయ్యి చాచాడు. రాజమ్మ పిల్ల రెక్క పట్టి మంచం వైపు లాగింది.

"తండ్రి ముద్దుకు రోగమొస్తదా?"

పద్మారాణి అత్త చేతిని విడిపించి, పిల్లను చంకనేసుకుని వసారా చివరికి నడిచింది. గాలి ధారాళంగా వీస్తోంది. తెరిచిన తలుపులోంచి అతను కనబడుతున్నాడు.

"ఎక్కడికే? ముందుగాల ఆ గుడ్డ తీసి మాట్లాడు" అన్నాడు మంచంలోంచి.

ఆమె మాస్కు కిందికి లాగింది. ఈసారి పెదాలను సర్దుకోలేదు.

"గట్ల చూస్తున్నవేందే?"

"ఎప్పుడూ గిట్లనే చూస్తున్న. నీకు ఇయ్యాల కనబడ్డది."